1964 జాజ్ బాస్ అంటున్నారు, ఏడు లక్షలు పెట్టొచ్చా?

ప్రశ్న: నమస్తే సార్. మాది నెల్లూరు. చెన్నైలో పెరుంగుడిలో ఉద్యోగం. ఆదివారాలు చర్చిలో, ముహూర్తాల సీజన్‌లో పెళ్లి ఆర్కెస్ట్రాల్లో బాస్ గిటార్ వాయిస్తాను. సాలిగ్రామంలో ఒకాయన దగ్గర 1964 నాటి జాజ్ బాస్ (అమెరికా కంపెనీ ఫెండర్ చేసే బాస్ గిటార్) ఉందంటే వెళ్లి చూశాను. వాళ్ల మామగారు డెబ్బైల్లో తెలుగు సినిమా రికార్డింగులకు వాయించేవారట, దాన్ని సింగపూర్ నుంచి తెప్పించుకున్నారట. ఏడు లక్షలు చెప్పారు. ఆగలేక పాతిక వేలు అడ్వాన్స్ ఇచ్చేశాను. వెనక ప్లేటు మీద ఎల్ అక్షరంతో మొదలయ్యే నంబరుంది. బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జ్ బాగా తుప్పు పట్టింది. బాడీ మీద పాలిష్ అంతా పగుళ్లే. నెక్ (ఎడమచేత్తో పట్టుకునే పొడవాటి భాగం) వెనక అరిగి చెక్క బయటపడింది, దాని మీది ఫ్రెట్లు (లోహపు అడ్డగీతలు) మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. నెక్ విప్పి చూద్దామంటే, విప్పితే విలువ పోతుందని ఒప్పుకోవడం లేదు. కంట్రోల్ ప్లేటు వరకు విప్పనిచ్చారు. ఫొటోలు పంపుతున్నాను. ఇది అసలుదేనా? ఎవరో చేయించుకున్న కాపీ అయ్యుంటుందని మా అన్నయ్య గొడవ. కాపీ అయితే కొనకూడదా? ఇంకో చిన్న సందేహం: దాని మీదున్న పాత తీగలు మార్చకూడదంటున్నారు, నిజమేనా?

జవాబు: ఫొటోలు చూశాను. మీ అన్నయ్య మాటే నిజమయ్యేలా ఉంది. పూర్తిగా తేల్చాలంటే నెక్ విప్పాల్సిందే, దాని గురించి తర్వాత చెప్తాను. విప్పకుండానే రెండు సంగతులు తెలిసిపోతున్నాయి.

మొదటిది, ఫ్రెట్‌బోర్డు, అంటే నెక్ మీద ఫ్రెట్లు దిగి ఉండే పలక. బాడీ వైపు చివర దగ్గరగా తీసిన ఫొటో ఒకటి పంపారు చూడండి, అన్నిటికంటే పనికొచ్చింది అదే. అందులో పైన నల్లటి రోజ్‌వుడ్, కింద లేత రంగు మేపుల్, ఆ రెండూ కలిసే చోట ఒక గీత కనిపిస్తుంది. మీ ఫొటోలో ఆ గీత స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. జాజ్ బాస్ 1960లో వచ్చింది. 1962 మధ్య వరకు ఫెండర్ వాళ్లు మేపుల్‌ని చదునుగా ఉంచి, దాని మీద మందపాటి రోజ్‌వుడ్ పలక అతికించేవారు. ఆ తర్వాత మేపుల్ పైభాగాన్ని గుండ్రంగా చెక్కి, రోజ్‌వుడ్‌ని కూడా అదే వంపులో పల్చగా అతికించడం మొదలుపెట్టారు. 1964 నెక్‌లో ఈ గీత వంపు తిరిగి ఉండాలి. మరి తిన్నని గీత ఎందుకొచ్చింది? 1962 నాటి జాజ్ బాస్‌కి పేరెక్కువ, అందుకే దాన్ని నమూనాగా పెట్టుకున్నవాళ్లూ ఎక్కువ. 1982లో ఫెండరే మొదలుపెట్టిన వింటేజ్ రీఇష్యూల్లో (పాత మోడళ్లని మళ్లీ చేసి అమ్మేవి) జాజ్ బాస్ 1962 మోడలే. ఆర్డర్ మీద చేసి ఇచ్చే పనివాళ్లలో చాలామంది కూడా ఆ కొలతలనే పట్టుకున్నారు.

రెండోది, పాట్‌లు, అంటే నాబ్‌ల కింద ఉండే పొటెన్షియోమీటర్లు. వాల్యూమ్‌కి రెండు, టోన్‌కి ఒకటి, మూడింటి వెనకా 1376619 అని ఉంది. మొదటి మూడంకెలు తయారీదారు కోడ్: 137 అంటే సీటీఎస్, 304 ఉంటే స్టాక్‌పోల్. తర్వాతి రెండూ సంవత్సరం, చివరి రెండూ వారం. అంటే ఈ పాట్‌లు 1966 మే నెలలో తయారయ్యాయి. 1964 గిటార్‌లో 1966 పాట్ ఉండటానికి ఒకటే దారి, ఎవరో మార్చి ఉండాలి. ఒకటి పాడై మార్చారంటే నమ్మొచ్చు. మూడూ ఒకే వారానివి, సోల్డరింగ్ ఒకే చేతి పని, బట్ట తొడుగు వైర్ ఎక్కడా అతుకు లేకుండా ఉంది. రిపేరుకి వచ్చినప్పుడు మార్చినవైతే ఇంత శుభ్రంగా ఉండవు, ఒక్క రోజు కూర్చుని చేసిన పని ఇది.

ఇక్కడొక తమాషా ఉంది. ఫెండర్ 1966లో పాట్‌లు భారీగా కొని నిల్వ పెట్టుకుంది. 1969లో తయారైన గిటార్లలో కూడా 1966 కోడ్‌లు కనిపిస్తాయి. అందుకని ఇవాళ పాత పాట్‌లు వెతికేవాళ్లకి తేలిగ్గా దొరికేవి కూడా ఆ సంవత్సరానివే. మంచి రెప్లికా (నకలు) చేసేవాళ్లు పాట్, కెపాసిటర్, అప్పుడప్పుడు ట్యూనింగ్ కీలు కూడా నిజంగా పాతవే తెచ్చి వేస్తారు. "లోపల చూడండి, పాట్‌లు అరవైలవే" అని అమ్మే ఆయన అంటే అది అబద్ధం కాదు. దాన్నిబట్టి గిటార్ మొత్తం అరవైలదని అనుకోవడమే పొరపాటు.

ఈ గొడవంతటికీ కీలకం ఒకటే. పాతగా కనిపిస్తోందా అన్నది వదిలేయండి. భాగాలన్నీ ఒకే తేదీ చెబుతున్నాయా, అది చూడండి. సెకండ్ హ్యాండ్ కారు కొంటూ ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు ఆర్సీతో పోల్చుకుంటాం కదా, ఇదీ అంతే. మీ దాంట్లో ఫ్రెట్‌బోర్డు 1960-62 పద్ధతిది. దాని మీది గుర్తు చుక్కలు మెరుపు లేని మట్టిరంగువి, అవి 1964 చివరి వరకు వేసినవి. పాట్‌లు 1966వి. ప్లేటు నంబరు ఎల్ సిరీస్, అంటే 1962 చివరి నుంచి 1965 లోపలిది. ఒక్కొక్కటి విడిగా చూస్తే అన్నీ ముచ్చటగా ఉన్నాయి. నాలుగింటినీ ఒకచోట పెడితే అవి ఒకే రోజు ఒకే బల్ల మీద కలిసే అవకాశం లేదు.

ఆ ఎల్ నంబరు మీద మీరు చాలా ఆశ పెట్టుకున్నట్టున్నారు. వద్దు. ఫ్యాక్టరీలోనే ప్లేట్లు డబ్బాలోంచి చేతికి అందింది తీసి బిగించేవారు, వరుస పాటించలేదు. పైగా అది నాలుగు స్క్రూలతో ఉండే రేకుముక్క. కావలసిన నంబరు కొట్టించిన ప్లేట్లు ఇంటర్నెట్‌లో అమ్ముతున్నారు.

తుప్పు సంగతి చెన్నైలో ఉండేవాళ్లకి నేను చెప్పాలా? బెసంట్ నగర్‌లో సముద్రం వైపు కిటికీ తెరిచి ఉంచే ఇంట్లో కొత్త బ్రిడ్జ్‌కైనా తుప్పు పట్టడానికి ఎంతోకాలం పట్టదు. స్క్రూలు బిగుసుకుపోతాయి, పాట్‌లు గరగరమంటాయి. అమెరికాలో ఎండు ప్రాంతాల నుంచి వచ్చిన అరవై ఏళ్ల గిటార్ మీద దీనికంటే తక్కువ తుప్పు చూశాను. యాసిడ్ ఆవిరి పట్టించి తుప్పు తెప్పించేవాళ్లూ ఉన్నారు. తుప్పుని బట్టి వయసు లెక్కగట్టకండి, అది ఎటూ తేల్చదు.

పగుళ్లు కాస్త ఎక్కువ చెబుతాయి. అప్పటి నైట్రోసెల్యులోజ్ లాకర్ గట్టిపడ్డాక, చెక్క సాగి ముడుచుకుంటుంటే దాన్ని తట్టుకోలేక పగులుతుంది. మంచు కురిసే ఊళ్లలో చలికి గడ్డకట్టిన కేసుని తెచ్చి వెచ్చటి గదిలో తెరిస్తే ఒక్కసారిగా సన్నటి గీతలు పరుచుకుంటాయి. ఏసీ స్టూడియోలోంచి మే నెల ఎండలోకి తెచ్చినా కొన్ని రావచ్చు గానీ, మీ ఫొటోలో ఉన్నంత దట్టంగా, వరస తప్పకుండా అంటే నాకు అనుమానమే. బ్లేడుతో గీసినవి సాధారణంగా తిన్నగా, సమానమైన ఎడంతో ఉంటాయి. భూతద్దం పెడితే అంచు తెగినట్టు కనిపిస్తుంది. సహజంగా వచ్చినవి దారి మార్చుకుంటూ, ఒకదాంట్లో ఒకటి కలుస్తూ పోతాయి. రిచీ స్ట్రీట్‌లో దొంగనోట్లు చూసే యూవీ టార్చ్ ఒకటి కొనండి, పెద్ద ఖరీదు కాదు. గదిలో దీపాలన్నీ ఆర్పేసి బాడీ మీద వేయండి. ముదిరిన నైట్రో ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో మెరుస్తుంది. తర్వాత అద్దిన రంగు అక్కడక్కడా నల్లటి మచ్చల్లా తేలుతుంది. మొత్తం మెరుపే లేకపోతే లాకర్ అంతా కొత్తదో, పాలియెస్టర్‌దో అయ్యుంటుంది. ఫెండర్ పాలియెస్టర్ వైపు మళ్లింది 1968లో.

అరుగుదల చూసేటప్పుడు ఆ గిటార్ వాయించిన మనిషిని ఊహించుకోండి. కుడి ముంజేయి ఆనే పై అంచు, బెల్టు బకిల్ రాసుకునే వెనక భాగం, బొటనవేలు ఆనించే పికప్ (తీగల కంపనాన్ని పట్టే అయస్కాంత భాగం) అంచు, ఇవి అరగాలి. చేయి పడని చోట దెబ్బలెందుకుంటాయి? మీ దాంట్లో కింది అంచు చుట్టూ చెక్క కనిపించేలా పెచ్చులూడాయి గానీ పికప్ కవర్ల మీద గీత కూడా లేదు. ఫ్రెట్ల సంగతి మీరే పట్టుకున్నారు, శభాష్. నెక్ వెనక పాలిష్ మొత్తం పోయేంత వాయిస్తే ముందు ఫ్రెట్లు పోతాయి. ఫ్రెట్లు మార్చారని ఆయన అనొచ్చు. అప్పట్లో ఫెండర్‌లో ఫ్రెట్లని పైనుంచి కొట్టి దించేవారు కాదు, పక్క నుంచి గాడిలోకి తోసేవారు. ఆ సంగతి తెలియనివాళ్లు వాటిని పైకి పీకితే గాడి అంచుల్లో రోజ్‌వుడ్ పెచ్చులు లేస్తుంది. మీ ఫొటోల్లో ఎక్కడా పెచ్చు లేదు. జాగ్రత్తగా మార్చినవాళ్లు ఉండొచ్చు, కాదనను.

పిక్‌గార్డ్‌ని, అంటే బాడీ మీద బిగించే పలచటి పలకని, మర్చిపోయారు. ఫొటోలో తాబేటి చిప్ప డిజైన్‌ది కనిపిస్తోంది. 1964లోదైతే అది సెల్యులాయిడ్, కర్పూరం కలిపి చేసే పదార్థం. బొటనవేలితో గట్టిగా వేడెక్కేదాకా రుద్ది వాసన చూడండి, పూజగది వాసన వస్తుంది. అగ్గిపుల్లతో పరీక్ష చేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, సెల్యులాయిడ్ భగ్గుమంటుంది, గిటార్‌తో పాటు మీ చేయి కూడా కాలుతుంది. వాసన వచ్చిందని సంబరపడటానికీ లేదు. సెల్యులాయిడ్‌తో కొత్తగా చేసేవీ దొరుకుతున్నాయి. తేడా ఎక్కడంటే, అరవై ఏళ్లలో అది కుంచించుకుపోతుంది. స్క్రూలు లోపలి వైపు వాలిపోతాయి, నెక్ దగ్గర సందు వస్తుంది, స్క్రూ రంధ్రాల దగ్గర చీలిక కూడా వస్తుంది. మీ దానికి స్క్రూలన్నీ నిటారుగా, చక్కగా కూర్చున్నాయి.

ఇక నెక్ విప్పడం. విలువ పోతుందన్నది పచ్చి అబద్ధం. లక్షలు పోసి పాత ఫెండర్లు కొనేవాళ్లు మొదట అడిగే ఫొటోయే నెక్ విప్పినది. నాలుగు స్క్రూలతో విప్పి బిగించేలా తయారు చేయడమే ఆ కంపెనీ ప్రత్యేకత. గాడికి సరిగ్గా పట్టే స్టార్ స్క్రూడ్రైవర్, తెలిసిన రిపేర్ మనిషి, పావుగంట చాలు. తీగలు వదులు చేశాకే మొదలుపెట్టాలి. బాడీలో నెక్ కూర్చునే గూడులో అట్టముక్కో ఫైబర్ ముక్కో ఉంటే ఫొటో తీసి, మళ్లీ అలాగే పెట్టించండి. ఆయన్ని కూడా పక్కనే కూర్చోబెట్టుకోండి, అనుమానం ఉండదు.

విప్పాక ఏం చూడాలి? నెక్ మడమ (గూడులో కూర్చునే చివర) మీద రబ్బరు స్టాంపు ఉండాలి. 1962 నుంచి నెల, సంవత్సరం స్టాంపు వేసేవారు. ముందుండే అంకె తేదీ అనుకుంటారు చాలామంది, అది మోడల్ కోడ్. చివర ఒక అక్షరం నట్ (నెక్ పై చివర తీగలు ఆనే ముక్క) దగ్గర వెడల్పుకి గుర్తు: జాజ్ బాస్‌కి ఏ, అంటే ఒకటిన్నర అంగుళం. ఫెండర్‌దే ఇంకో బాస్, ప్రెసిషన్‌కి అప్పట్లో సీ, అంటే ఒకటి ముప్పావు. సీ అని ఉండి నట్ ఒకటిన్నరే ఉంటే నవ్వుకుని వచ్చేయండి. స్టాంపు ఉన్నంత మాత్రాన నమ్మక్కర్లేదు, రబ్బరు స్టాంపు ప్యారిస్‌లో కూడా చేసిస్తారు (మన ప్యారిస్ కార్నర్‌లో లెండి).

నేనైతే స్టాంపుకంటే బాడీలోని గూడు వైపే ఎక్కువసేపు చూస్తాను. 1963 ప్రాంతం నుంచి బాడీకి రంగు కొట్టేటప్పుడు పట్టుకోవడానికి ఆ గూట్లో ఒక కర్రముక్క బిగించేవారు. ఆ కర్ర ఉన్న మేర రంగు పడక చెక్క బయటకు కనిపిస్తుంటుంది. పిక్‌గార్డ్ కింద, కంట్రోల్ ప్లేటు కింద సన్నటి మేకు రంధ్రాలు వెతకండి. రంగు ఆరేదాకా బాడీని ఎత్తిపెట్టి ఉంచడానికి కొట్టిన మేకులవి, రంగు ఆరాక పీకేసేవారు. కాబట్టి రంధ్రం లోపల రంగు ఉండదు, అంచు దగ్గర కాస్త గట్టుకట్టి ఉంటుంది. పికప్‌ల కింద తొలిచిన గుంటల్లో చేతి మిషన్ వదిలిన గీతలు, చిన్న మెట్లు ఉంటాయి. ఫెండర్‌కి కంప్యూటర్ మిషన్లు వచ్చింది ఎనభైల్లో. గూడు మూలలన్నీ ఒకే కొలతలో, అద్దంలా నున్నగా ఉంటే అది 1964 పని కాదు. టేపు కూడా తీసుకెళ్లండి: అరవైల జాజ్ బాస్‌లో రెండు పికప్‌ల మధ్య దూరం, నడిమి నుంచి నడిమికి, సుమారు 91 మిల్లీమీటర్లు. డెబ్బైల్లో బ్రిడ్జ్ పికప్‌ని వెనక్కి జరిపారు, అప్పుడు 101 దాకా వస్తుంది.

ఈ గూడు ఎందుకు అంత ముఖ్యమంటే, మీ కేసులో ఇంకో అవకాశం మిగిలే ఉంది. నెక్ రెప్లికా అని దాదాపు తేలిపోయింది గానీ బాడీ అసలుది కావచ్చు. చెమటకి, తేమకి నెక్ వంకర పోయి, ఎవరో కొత్తది చేయించి వేసుకున్నారేమో. అలాంటప్పుడు బాడీకి దాని విలువ దానికి ఉంటుంది. ఏడు లక్షలైతే కాదు.

ఇంకో మంచి సంగతి కూడా జరగొచ్చు. ఆర్డర్ మీద చేసే మంచి పనివాళ్లు నెక్ గూట్లోనో, నెక్ మడమ మీదో తమ సంతకం, తేదీ పెడతారు. అది కనిపిస్తే కథ ముగిసినట్టే, పరువుగా ముగిసినట్టు. రెప్లికా చేయించుకోవడం తప్పేమీ కాదు. అమెరికన్ బాస్ ప్లేయర్ జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు తీసేసిన 1962 జాజ్ బాస్ మీద వాయించిన వాయింపు విన్న తర్వాత ఆ కాలపు గిటార్ కావాలనుకోని బాస్ ప్లేయర్ ఎవరు? అసలుది అందదు, చేయించుకుంటారు. పాతబడినట్టు కనిపించేవి ఫెండర్ కస్టమ్ షాపే 1995 నుంచి అమ్ముతోంది. చేసినవాడికి, చేయించుకున్నవాడికి అది రెప్లికా అని తెలుసు. మూడోచేతికో నాలుగోచేతికో వెళ్లేసరికి ఆ మాట రాలిపోతుంది, హెడ్‌స్టాక్ (నెక్ తల భాగం) మీద కంపెనీ పేరు మాత్రం మిగులుతుంది. సాలిగ్రామం ఆయన మోసగాడని నేను అనడం లేదు, ఆయనకే తెలియకపోవచ్చు.

మామగారి కథ గురించి. కోడంబాక్కం, వడపళని, సాలిగ్రామం చుట్టూ తెలుగు పాటలు రికార్డయిన రోజుల్లో విదేశీ వాయిద్యం తెప్పించుకోవడం చిన్న విషయం కాదు, దిగుమతి మీద అన్ని ఆంక్షలుండేవి. అలాంటి గిటార్ ఎవరి దగ్గరుంటే వాళ్ల పేరు తోటివాళ్లకి గుర్తుంటుంది. సినీ మ్యూజిషియన్స్ యూనియన్‌లో పెద్దవాళ్లని అడిగి చూడండి. ఆయన దగ్గర ఫెండర్ ఉండేదని వాళ్లు చెప్పినా అది ఈ గిటారే అని రుజువు కాదు. రికార్డింగ్ థియేటర్లో తీసిన పాత ఫొటో ఉందేమో అడగండి. తాబేటి చిప్ప మచ్చలు ఏ రెండు పిక్‌గార్డ్‌లకీ ఒకేలా పడవు, చెక్క చారలూ అంతే. ఫొటో స్పష్టంగా ఉంటే పక్కపక్కన పెట్టి పోల్చొచ్చు. ఫొటో లేదంటే ఆ కథకి రూపాయి కూడా కట్టకండి.

ధర సంగతికొద్దాం. ఏ భాగమూ మారని 1964 జాజ్ బాస్ అమెరికాలోనే పది వేల డాలర్ల పైమాట. ఏడు లక్షలంటే అసలుదానికి చవక, రెప్లికాకి దారుణం. అనుమానం ఉన్నవాళ్లు కూడా "ఒకవేళ నిజమైతే" అని కొనేసే ధర అది. మీరు అడ్వాన్స్ ఇచ్చింది కూడా అందుకే కదా? ఇప్పుడు వెళ్లి, నెక్ విప్పనిస్తే మాట్లాడదాం, లేదంటే పాతిక వేలు తిరిగివ్వండి అని మర్యాదగా అడగండి. విప్పాక రెప్లికా అని తేలినా, చేతికి నచ్చితే కొనండి, నాకేం అభ్యంతరం లేదు. ధర మాత్రం రెప్లికాగానే కట్టాలి. 2022 నుంచి ఫెండర్ అమెరికన్ వింటేజ్ టూ సిరీస్‌లో 1966 పద్ధతి జాజ్ బాస్ కొత్తది వస్తోంది. దాని ఇవాళ్టి ధర కనుక్కోండి, దానికంటే బాగా తక్కువకి వస్తేనే ఇది లాభం. ఎందుకంటే కొత్తదాన్ని రేపు అమ్మితే అడిగేవాడు ఉంటాడు, ఎవరు చేశారో తెలియని దీన్ని అమ్మాలంటే మీరే తంటాలు పడాలి. రసీదు మీద "1964 ఒరిజినల్ కాదు, రెప్లికా" అని ఆయన చేత రాయించుకోండి. మీ అన్నయ్యకి కూడా ఆ కాగితమే చూపించండి.

ఇంకొక్క జాగ్రత్త. ఫ్రెట్‌బోర్డు బ్రెజిలియన్ రోజ్‌వుడ్ అని ఆయన ఊరిస్తే, రంగు చూసి అవుననకండి. మన నీలగిరుల్లో దొరికే ఈట్టికీ దానికీ తేడా ఫొటోలో పట్టుకోవడం మంచి వడ్రంగికే కష్టం. నిజంగా బ్రెజిలియనే అయితే 1992 నుంచి అది సైటిస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది, దేశం దాటించి అమ్మాలంటే పర్మిట్ లేకుండా కుదరదు.

తీగల విషయం. అవి ఫ్లాట్‌వౌండ్‌లైతే (పైన చదునైన రేకు చుట్టిన నున్నటి తీగలు) పాతవి ఉంచుకోవడంలో అర్థముంది. అమెరికాలో మోటౌన్ కంపెనీ రికార్డింగుల్లో బాస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తెగితే తప్ప తీగ మార్చేవాడు కాదని ప్రసిద్ధి. మీ ఫొటోలో ఉన్నవి మాత్రం మామూలు రౌండ్‌వౌండ్‌లు (గుండ్రటి తీగ చుట్టినవి), అవీ నల్లబడ్డాయి. కొంటే మార్చేయండి. చర్చిలో స్లో పాటలకి ఫ్లాట్‌వౌండ్ వేసి చూడండి, మన ఉప్పుగాలికి కూడా అవే కాస్త ఎక్కువ కాలం నిలుస్తాయి.